స్టాక్ స్విచ్‌లకు జంట అప్‌లింక్‌లు: ఒకటి తెగినా పని ఆగకుండా అమర్చే పద్ధతి

"రెండు స్విచ్‌లు స్టాక్ చేశాను, కోర్‌కి రెండు ఫైబర్‌లు లాగాను. ఇక నిశ్చింతేనా?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. (స్టాక్ అంటే కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడిపే కొన్ని స్విచ్‌లు, అందులో ఒక్కొక్కటీ ఒక మెంబర్. కోర్ అంటే వీటన్నిటినీ కలిపే ప్రధాన స్విచ్. అప్‌లింక్ అంటే స్టాక్ నుంచి కోర్‌కు వెళ్లే లింక్.) నిశ్చింత కాదు. మొదటి లింక్ తెగేదాకా రెండోది నిజంగా పనికొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తెగిన రోజున తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది. అందుకే ఇక్కడ కాన్ఫిగరేషన్ గురించి ఎంత చెప్పానో, దానికి ముందు చేసే ఏర్పాట్ల గురించి, తర్వాత చేసే పరీక్షల గురించి అంతకంటే ఎక్కువే చెప్పాను.

కమాండ్ల పేర్లు ఎక్కువగా సిస్కో క్యాటలిస్ట్‌వి వాడాను. జునిపర్ వర్చువల్ ఛాసిస్, అరుబా వీఎస్ఎఫ్, హెచ్‌పీఈ ఐఆర్ఎఫ్ లాంటి ఇతర కంపెనీల స్టాకింగ్ పద్ధతులు వాడేవాళ్లకు పేర్లు మారతాయి, పని వరస మారదు.

## 1. కోర్ వైపు ఏముందో ముందు తేల్చుకోండి

మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. మీ పరిస్థితి ఈ మూడింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

అ. కోర్ ఒకే స్విచ్, లేదా అది కూడా ఒక స్టాక్. రెండు అప్‌లింక్‌లనూ కలిపి ఒకే ల్యాగ్‌గా, అంటే ఒకే లింక్‌లా పనిచేసే తీగల కట్టగా, కట్టవచ్చు. సిస్కోలో దీన్ని ఈథర్‌ఛానెల్ లేదా పోర్ట్-ఛానెల్ అంటారు.

ఆ. కోర్‌లో రెండు వేర్వేరు స్విచ్‌లు, మధ్యలో ఎమ్‌ల్యాగ్, అంటే ఒకే ల్యాగ్‌ను రెండు పెట్టెల మీద పరిచే ఏర్పాటు. నెక్సస్‌లో వీపీసీ, క్యాటలిస్ట్‌లో స్టాక్‌వైజ్ వర్చువల్, అరుబాలో వీఎస్ఎక్స్ ఈ కోవలోవే. కింది స్టాక్‌కు ఆ రెండూ ఒకే పెట్టెలా కనిపిస్తాయి. మీ వైపు మామూలు ల్యాగ్ చాలు.

ఇ. కోర్‌లో రెండు స్విచ్‌లు, వాటి మధ్య ఎమ్‌ల్యాగ్ లేదు. ఇక్కడ రెండు అప్‌లింక్‌లూ ఒకే ల్యాగ్‌లో ఇమడవు. ల్యాగ్‌ను కుదిర్చే ఎల్ఏసీపీ ప్రోటోకాల్‌లో ప్రతి స్విచ్ తన సిస్టమ్ ఐడీ పంపుతుంది. రెండు తీగల అవతల రెండు వేర్వేరు ఐడీలు కనిపిస్తే స్టాక్ ఒక తీగనే కలుపుకుని రెండోదాన్ని పక్కన పెడుతుంది. మీకు మిగిలేవి రెండు దారులు: స్పానింగ్ ట్రీ (లూప్ రాకుండా అదనపు దారిని మూసే ప్రోటోకాల్) ఒక లింక్‌ను ఆపి ఉంచితే ఒప్పుకోవడం, లేదా రెండింటినీ లేయర్ 3 (ఐపీ) లింక్‌లుగా మార్చి రూటింగ్‌తో సమానంగా వాడుకోవడం.

కింద రాసింది ప్రధానంగా మొదటి రెండు పరిస్థితులకు. మూడోదానిలో ఉన్నవాళ్లు 2 నుంచి 5 దాకా, 8, 9 తప్పక చదవండి.

## 2. ఏ మెంబర్‌లో ఏ పోర్ట్: కాగితం మీద గీయండి

ల్యాగ్‌లోని రెండు తీగలూ ఒకే మెంబర్‌లో ఉంటే, ఆ మెంబర్ పోయిననాడు స్టాక్ మొత్తం ఒంటరి అవుతుంది. మొదటి తీగ 1/1/1లో ఉంటే రెండోది 2/1/1లో ఉండాలి. పోర్ట్ నంబర్‌లో మొదటి అంకె మెంబర్‌ది, ఆ అంకె తప్పనిసరిగా మారాలి. మిగతా అంకెలు ఒకేలా ఉంటే రాత్రి పూట ర్యాక్ ముందు నిలబడ్డవాళ్లకు గందరగోళం తగ్గుతుంది.

నాలుగు మెంబర్లుండి, స్టాక్ కేబుళ్లు రింగ్‌గా ఉంటే అప్‌లింక్‌లను 1, 3 మెంబర్లలో పెట్టండి. ఎటు నుంచి చూసినా ప్రతి స్విచ్‌కూ ఒక అప్‌లింక్ పక్కనే ఉంటుంది. రింగ్ కుదరక గొలుసులా ఒకదాని కింద ఒకటి కలిపి ఉంటే మాత్రం రెండు చివర్లనూ ఎంచుకోండి, అంటే 1, 4.

ఇక లెక్క. ఒక లింక్ పోతే రెండోది మొత్తం భారం మోయాలి. రెండు 10 గిగాబిట్ లింక్‌లలో రద్దీ వేళ కలిపి 14 గిగాబిట్లు వెళ్తుంటే మీకున్నది ఎక్కువ సామర్థ్యమే కానీ రక్షణ కాదు. రద్దీ వేళ మొత్తం ట్రాఫిక్ ఒక్క లింక్‌లో పట్టేంత ఉండాలి. పట్టకపోతే లింక్‌లు పెంచండి.

## 3. ఫైబర్ దారి, కరెంటు దారి

నేను చూసిన వాటిలో బాగా బాధపెట్టిన సంఘటన ఒకటుంది. కాన్ఫిగరేషన్‌లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ రెండు ఫైబర్‌లూ ఒకే గొట్టంలోంచి వెళ్లాయి. గోడకు రంధ్రం వేసిన ఒకే ఒక్క డ్రిల్లు రెండింటినీ కోసేసింది. ఆ అంతస్తంతా మధ్యాహ్నం దాకా నెట్‌వర్క్ లేకుండా కూర్చుంది.

కాబట్టి తీగల వెంట మీరే నడిచి చూడండి. డ్రాయింగ్‌ను నమ్మవద్దు.

- రెండు ఫైబర్‌లూ వేర్వేరు గొట్టాల్లో, వీలైతే భవనంలో వేర్వేరు నిలువు దారుల్లో ఉన్నాయా?
- రెండూ ఒకే ప్యాచ్ ప్యానెల్‌లో, ఒకే ట్రేలో ముగియడం లేదు కదా?
- స్టాక్‌లోని స్విచ్‌లన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించి లేవు కదా? కనీసం రెండు వేర్వేరు యూపీఎస్ లైన్లు కావాలి.
- కోర్ వైపు రెండు తీగలూ ఒకే లైన్ కార్డ్‌లో (పోర్టులుండే పలకలో) పడటం లేదు కదా?
- రెండు చివర్లా ఒకే రకం మాడ్యూళ్లు ఉన్నాయా? ఒకవైపు ఎస్ఆర్ (తక్కువ దూరానిది), మరోవైపు ఎల్ఆర్ (ఎక్కువ దూరానిది) పెడితే లింక్ రాదు, వచ్చినా నిలవదు.

10 గిగాబిట్ ఎస్ఆర్ మాడ్యూల్ ఓఎం3 ఫైబర్ మీద 300 మీటర్లు, ఓఎం4 మీద 400 మీటర్ల దాకా వెళ్తుంది. అంతకు మించిన దూరానికి సింగిల్ మోడ్ ఫైబర్, 10 కిలోమీటర్ల దాకా ఎల్ఆర్ మాడ్యూల్ వాడండి.

కనెక్టర్‌ను తుడవకుండా గుచ్చకండి. లింక్ లేచాక అందుతున్న కాంతి ఎంతో చూసి రాసుకోండి. 10 గిగాబిట్ ఎస్ఆర్‌కు ప్రమాణం చెప్పే కనిష్ఠం మైనస్ 9.9 డీబీఎం (కాంతి బలపు కొలత), ఎల్ఆర్‌కు మైనస్ 14.4. ఆ అంచున వేలాడుతున్న లింక్ ఈ రోజు పనిచేస్తుంది, దుమ్ము కాస్త చేరిన రోజున ఆగుతుంది.

## 4. ముట్టుకునే ముందు

- రెండు వైపులా నడుస్తున్న కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేసి, ఒక ప్రతి బయట దాచండి.
- కన్సోల్ కేబుల్ దగ్గర పెట్టుకోండి. అప్‌లింక్ మీద పని చేస్తూ ఆ అప్‌లింక్ ద్వారానే లాగిన్ అయి ఉండటం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.
- దూరం నుంచి చేయక తప్పదంటే "రీలోడ్ ఇన్ 15" ఇచ్చి మొదలుపెట్టండి. మీరు బయట చిక్కుకుపోతే పదిహేను నిమిషాలకు స్టాక్ మొత్తం రీబూట్ అయి సేవ్ చేసిన స్థితికి తిరిగొస్తుంది. అందుకని పని సరిచూసుకునేదాకా సేవ్ చేయకండి. అంతా కుదిరాక ముందు ఆ రీలోడ్‌ను రద్దు చేసి, తర్వాత సేవ్ చేయండి. జునిపర్‌లో "కమిట్ కన్ఫర్మ్‌డ్" ఇదే పని రీబూట్ లేకుండా చేస్తుంది, గడువు ఇవ్వకపోతే పది నిమిషాలు.
- ట్రంక్‌లో (అనేక వీల్యాన్‌లను, అంటే నెట్‌వర్క్‌లోని విడి భాగాలను, మోసే లింక్‌లో) వెళ్లాల్సిన వీల్యాన్‌ల జాబితా, నేటివ్ వీల్యాన్ (ట్యాగ్ లేని ట్రాఫిక్ వెళ్లేది), ఎమ్‌టీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. రెండు వైపులా ఆ కాగితం చూసే టైప్ చేయండి.

## 5. అప్‌లింక్ కంటే ముందు స్టాక్‌ను సరిచేయండి

5.1 రింగ్ పూర్తయిందా? చివరి స్విచ్ నుంచి మొదటి స్విచ్‌కు తిరిగి వచ్చే కేబుల్ లేని స్టాక్‌లు చాలా కనిపిస్తాయి. "షో స్విచ్ స్టాక్-పోర్ట్స్"లో ప్రతి మెంబర్‌కూ రెండు పోర్టులూ ఓకే అని రావాలి.

5.2 సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటేనా? వెర్షన్ కుదరని మెంబర్ స్టాక్‌లో పేరుకు ఉంటుంది, పోర్టులు పనిచేయవు.

5.3 యాక్టివ్ (స్టాక్‌ను నడిపించే మెంబర్) ఎవరు? యాదృచ్ఛికంగా వదిలేయకండి. సిస్కోలో ప్రయారిటీ 1 నుంచి 15, పెద్ద అంకె గెలుస్తుంది, డిఫాల్ట్ 1. మొదటి స్విచ్‌కు 15, రెండోదానికి 14 ఇవ్వండి. జునిపర్‌లో డిఫాల్ట్ 128, గరిష్ఠం 255.

5.4 స్టాక్ మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ చిరునామా). చాలామంది వదిలేసే చోటు ఇదే. స్టాక్ మొత్తం యాక్టివ్ స్విచ్ మ్యాక్‌ను వాడుకుంటుంది. ఎల్ఏసీపీ సిస్టమ్ ఐడీలో కూడా అదే మ్యాక్ ఉంటుంది. యాక్టివ్ పోయి, మ్యాక్ మారిందనుకోండి. కోర్‌కు అవతల కొత్త పెట్టె వచ్చినట్టు అనిపిస్తుంది, ల్యాగ్ విడిపోయి మళ్లీ కుదురుకుంటుంది. రెండు తీగలూ బాగానే ఉంటాయి, అయినా అంతరాయం వస్తుంది. "స్టాక్-మ్యాక్ పర్సిస్టెంట్ టైమర్ 0" ఇస్తే యాక్టివ్ మారినా పాత మ్యాక్ అలాగే నిలుస్తుంది. ఒక జాగ్రత్త: ఆ మ్యాక్‌కు సొంతదారైన స్విచ్‌ను తీసేసి అదే నెట్‌వర్క్‌లో మరోచోట పెట్టకండి. ఒకే మ్యాక్ రెండు చోట్ల కనిపిస్తుంది.

5.5 స్టాక్ రెండుగా చీలితే? రెండు ముక్కలూ తామే అసలు స్టాక్ అనుకుని ఒకే ఐపీ, ఒకే మ్యాక్ వాడతాయి. ఐఆర్ఎఫ్‌లో దీన్ని పట్టుకోవడానికి ఎమ్ఏడీ ఉంది, వీఎస్ఎఫ్‌లో స్ప్లిట్ డిటెక్ట్ ఉంది. మీ పరికరంలో ఉన్నదాన్ని ఆన్ చేయండి. రెండే మెంబర్లున్న జునిపర్ వర్చువల్ ఛాసిస్‌లో మాత్రం స్ప్లిట్ డిటెక్షన్‌ను ఆపి ఉంచమనే తయారీదారు సూచిస్తారు. అది ఆన్‌లో ఉంటే ఒక మెంబర్ పోయినప్పుడు బతికున్నది కూడా పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది.

## 6. ల్యాగ్ కట్టే వరస

కొత్త స్టాక్ అయితే సులువు: రెండు వైపులా పోర్టులు షట్‌డౌన్‌లో ఉంచి, రెండు వైపులా కాన్ఫిగర్ చేసి, ఆ తర్వాతే తెరవండి. కష్టమైనది ఒక అప్‌లింక్ మీద ఇప్పటికే నడుస్తున్న స్టాక్‌ను మార్చడం. దాని వరస ఇది.

1. కొత్త తీగ పోర్టులను రెండు వైపులా షట్‌డౌన్ చేయండి. తర్వాతే తీగ గుచ్చండి.
2. కోర్ వైపు పోర్ట్-ఛానెల్ తయారుచేసి, ట్రంక్, వీల్యాన్‌లు, ఎమ్‌టీయూ దాని మీద ఇవ్వండి. కొత్త పోర్ట్‌ను "ఛానెల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్"తో చేర్చండి.
3. స్టాక్ వైపు అచ్చంగా అదే చేయండి. రెండు వైపులా మోడ్ యాక్టివ్ ఉండనివ్వండి (ఎల్ఏసీపీ సందేశాలు తానే ముందు పంపే మోడ్ ఇది, స్టాక్ యాక్టివ్ స్విచ్‌తో దీనికి సంబంధం లేదు).
4. కోర్ వైపు పోర్ట్ తెరవండి, తర్వాత స్టాక్ వైపు.
5. "షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ" చూడండి. పోర్ట్ పక్కన పీ అక్షరం ఉంటే కలిసింది. ఐ ఉంటే ఒంటరిగా నడుస్తోంది, చిన్న ఎస్ ఉంటే పక్కన పెట్టేసింది. పీ రాకుండా ముందుకు వెళ్లకండి.
6. ఇప్పుడు పాత తీగ, ఒక తీగ ఉన్న కొత్త ల్యాగ్ రెండూ ఉన్నాయి. స్పానింగ్ ట్రీ ఒకదాన్ని ఆపి ఉంచుతుంది. స్టాక్ వైపు పాత పోర్ట్ స్పానింగ్ ట్రీ కాస్ట్ (దారి ఖర్చు, తక్కువ ఉన్న దారినే ఎంచుకుంటుంది) పెంచి, ట్రాఫిక్‌ను ల్యాగ్ మీదికి మళ్లించండి.
7. మ్యాక్ టేబుల్‌లో గేట్‌వే మ్యాక్ పోర్ట్-ఛానెల్ మీద కనిపిస్తోందా? కనిపించాకే పాత పోర్ట్‌ను రెండు వైపులా షట్‌డౌన్ చేయండి.
8. "డిఫాల్ట్ ఇంటర్‌ఫేస్"తో పాత పోర్ట్ సెట్టింగులన్నీ తుడిచేయండి. పాత వీల్యాన్ జాబితా మిగిలిపోతే కొత్త గ్రూపులో అది కలవదు.
9. రెండు వైపులా దాన్నీ అదే ఛానెల్-గ్రూప్‌లో చేర్చి తెరవండి. ఇప్పుడు రెండు పీలు కనిపించాలి.

ఇకపై వీల్యాన్ మార్పులన్నీ పోర్ట్-ఛానెల్ మీదే చేయండి. లోపలి పోర్ట్ మీద విడిగా చేస్తే అది గ్రూపు నుంచి జారిపోతుంది.

ఆరో మెట్టును దాటేయాలని అనిపిస్తుంది. దాటేస్తే మారే క్షణం మీ చేతిలో ఉండదు.

## 7. ఎల్ఏసీపీ టైమర్, హ్యాష్: రెండు చిన్న నిర్ణయాలు

ఎల్ఏసీపీకి రెండు వేగాలున్నాయి. నిదానంలో 30 సెకన్లకు ఒక సందేశం, 90 సెకన్లు అందకపోతే లింక్ పోయినట్టు. వేగంలో సెకనుకొకటి, 3 సెకన్ల గడువు. వేగమే మంచిదని వెంటనే అనిపిస్తుంది. స్టాక్ విషయంలో నా మాట వేరు.

ఆ సందేశాలు యాక్టివ్ స్విచ్ నుంచి వస్తాయి. యాక్టివ్ మారే సమయంలో 3 సెకన్లు మౌనం పడితే, బాగున్న లింక్‌ను కూడా కోర్ తీసేస్తుంది. నేరుగా ఫైబర్ కలిపి ఉంటే తెగిన వెంటనే పోర్టే డౌన్ అవుతుంది, వేగపు టైమర్ అదనంగా ఇచ్చేది పెద్దగా లేదు. మధ్యలో మీడియా కన్వర్టర్ లేదా మరొకరి ట్రాన్స్‌మిషన్ పరికరం ఉంటే మాత్రం అవతల తెగినా ఇవతల లైటు వెలుగుతూనే ఉంటుంది. అక్కడ వేగం పెట్టి, యాక్టివ్ మార్పిడిని తప్పకుండా పరీక్షించండి.

హ్యాష్ (ఏ ట్రాఫిక్ ఏ తీగలో వెళ్లాలో తేల్చే లెక్క) సంగతి: ఒక సంభాషణ ఎప్పుడూ ఒకే తీగలో వెళ్తుంది. రెండు 10 గిగాబిట్ తీగలు కలిపినా ఒక్క ఫైల్ కాపీకి 20 రాదు. ట్రాఫిక్ అంతా ఒకే రూటర్ మ్యాక్‌కు వెళ్తున్నచోట గమ్యం మ్యాక్ ఆధారంగా పంచితే అంతా ఒకే తీగ మీద పడుతుంది. మూలం, గమ్యం ఐపీలు రెండూ కలిపి పంచే పద్ధతి ఎంచుకోండి. చాలా క్యాటలిస్ట్‌లు ట్రాఫిక్‌ను ఎనిమిది భాగాలుగా చేస్తాయి, మూడు తీగలకు అవి 3, 3, 2గా పడతాయి. అందుకని రెండు, నాలుగు, ఎనిమిది తీగలే సమంగా కుదురుతాయి.

## 8. స్పానింగ్ ట్రీని ఆపకండి

ల్యాగ్ ఉంది కదా అని దాన్ని తీసేసేవాళ్లున్నారు. ల్యాగ్ కాన్ఫిగరేషన్ ఒక్కచోట చెదిరితే రెండు తీగలూ లూప్ అవుతాయి, అప్పుడు ఆదుకునేది స్పానింగ్ ట్రీ ఒక్కటే. పాత 802.1డీ పద్ధతిలో కోలుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది, రెండు వైపులా రాపిడ్ రకం వాడండి. కోర్ రూట్ (స్పానింగ్ ట్రీకి కేంద్రమైన స్విచ్) అయ్యేలా దాని ప్రయారిటీ 4096 చేయండి, ఇక్కడ చిన్న అంకె గెలుస్తుంది. డిఫాల్ట్ 32768 కాబట్టి అది చాలు. కోర్ నుంచి కిందికి వచ్చే పోర్టుల మీద రూట్ గార్డ్ (కింది స్విచ్ రూట్ కాకుండా ఆపేది), యూజర్ పోర్టుల మీద బీపీడీయూ గార్డ్ (అక్కడ ఎవరైనా స్విచ్ తగిలిస్తే పోర్ట్‌ను మూసేది) పెట్టండి.

## 9. తెంచి చూడండి

ముందే సమయం అడిగి తీసుకోండి, ఎందుకంటే ఈ పరీక్ష నిజంగా తీగ పీకి చేయాలి. షట్‌డౌన్ కమాండ్‌తో చేసేది సగం పరీక్షే.

ఒక్క పింగ్ చాలదు. ఒక జంట ఐపీల మధ్య ట్రాఫిక్ ఒకే తీగలో వెళ్తుంది కాబట్టి, మీరు పీకింది రెండో తీగ అయితే పింగ్‌కు ఏమీ కాదు, అంతా బాగుందని పొరబడతారు. వేర్వేరు మెంబర్లకు కలిపిన నాలుగైదు యంత్రాల నుంచి వేర్వేరు గమ్యాలకు పింగ్‌లు నడపండి.

- మొదటి ఫైబర్ పీకండి. ఒకటి రెండు పింగ్‌లకు మించి పోకూడదు. తిరిగి పెట్టి, పీ వచ్చేదాకా ఆగండి.
- రెండో ఫైబర్ పీకండి. ఇక్కడే చాలా అమరికలు బయటపడతాయి.
- యాక్టివ్ కాని మెంబర్‌కు కరెంటు తీయండి. దానికి కలిపిన యంత్రాలు పోతాయి, మిగతావి నిలవాలి.
- యాక్టివ్‌కు కరెంటు తీయండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కోర్ లాగ్‌లో పోర్ట్-ఛానెల్ మొత్తం డౌన్ అయిందని వస్తే 5.4కు, 7కు వెనక్కి వెళ్లండి.
- ఒక స్టాక్ కేబుల్ పీకండి. రింగ్ ఉంటే ఎవరికీ తెలియకూడదు.
- ఎమ్‌ల్యాగ్ ఉంటే ఒక కోర్‌ను రీబూట్ చేయండి.

పోయినప్పుడే కాదు, తిరిగి వచ్చేటప్పుడు కూడా పింగ్‌లు చూడండి. మెంబర్ పైకి లేచి పోర్ట్ వెలిగాక, ట్రాఫిక్ మోయడానికి సిద్ధం కాకముందే అవతలివైపు పంపడం మొదలైతే అప్పుడూ నష్టం ఉంటుంది. ప్రతి పరీక్షకూ ఎన్ని సెకన్లు పోయాయో రాసుకోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రెండు వైపులా పాసివ్. ఎవరూ ముందు పలకరించరు, ల్యాగ్ కుదరదు. కనీసం ఒక వైపు యాక్టివ్ చేయండి.

ఒకవైపు మోడ్ ఆన్, మరోవైపు ఎల్ఏసీపీ. ఆన్ అంటే అడగకుండా కలిపేయడం. అవతలివైపు విడివిడిగా చూస్తుంది, లూప్ లేదా పోర్ట్ ఎర్రర్-డిసేబుల్ అవుతుంది. ఎల్ఏసీపీ తెలియని పాత పరికరం ఉంటే తప్ప ఆన్ వాడకండి.

వీల్యాన్ చేరుస్తూ "యాడ్" మరవడం. "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 50" అంటే 50 చేరదు, 50 ఒక్కటే మిగులుతుంది. మిగతా వీల్యాన్‌లన్నీ ఆ క్షణమే పోతాయి. "అలౌడ్ వీల్యాన్ యాడ్ 50" అనాలి. అనుభవజ్ఞులూ చేసే తప్పు ఇది.

ఒక తీగ 10 గిగాబిట్, మరొకటి 1 గిగాబిట్. ఒకే గ్రూపులో రెండు వేగాలు కలవవు. మాడ్యూల్ మార్చండి.

"తాత్కాలికంగా" తీగ మార్చడం. ఒక పోర్ట్ చెడితే రెండో తీగను కూడా మొదటి మెంబర్‌లోకి మారుస్తారు, అది అలాగే ఉండిపోతుంది. ఏడాదికి రెండుసార్లు పోర్ట్ నంబర్లు సరిచూడండి.

## 11. మొదటి తెగుడును కనిపెట్టడం

ల్యాగ్‌లో ఒక తీగ పోయినా పోర్ట్-ఛానెల్ పైకే ఉంటుంది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ పోర్ట్-ఛానెల్‌ను మాత్రమే చూస్తుంటే ఎవరికీ కబురు అందదు. నెలల తరబడి ఒకే తీగ మీద నడుస్తుంది. ఆ తీగ కూడా పోయాక అందరూ పరుగెడతారు.

- లోపలి ప్రతి పోర్ట్‌కు విడిగా లింక్ డౌన్ అలర్ట్.
- స్టాక్ పోర్ట్‌ల మీద, మెంబర్ల సంఖ్య మీద అలర్ట్.
- రెండు తీగలు కలిపి మోస్తున్న ట్రాఫిక్ ఒక తీగ సామర్థ్యాన్ని దాటితే హెచ్చరిక.
- అందుతున్న కాంతి మీరు రాసుకున్న విలువ నుంచి 3 డీబీ పడిపోతే హెచ్చరిక.

## 12. మెంబర్‌ను మార్చాల్సి వస్తే

కొత్త స్విచ్‌ను కరెంటు పెట్టి నడుస్తుండగా స్టాక్ కేబుల్ తగిలించకండి. రెండు స్టాక్‌లు కలిసినట్టు ఎన్నిక జరుగుతుంది, ఓడినవైపు రీబూట్ అవుతుంది. ఓడేది మీ పాత స్టాక్ కూడా కావచ్చు.

1. కొత్తదాన్ని విడిగా ఆన్ చేసి అదే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎక్కించండి. పాత కాన్ఫిగరేషన్ ఉంటే తుడిచేయండి.
2. పోయిన మెంబర్ నంబరే దానికి ఇవ్వండి. ప్రయారిటీ 1 ఉండనివ్వండి.
3. కరెంటు తీసేయండి. స్టాక్ కేబుళ్లు రెండూ బిగించి, ఆ తర్వాత ఆన్ చేయండి.
4. మెంబర్ "రెడీ" అని కనిపించాకే అప్‌లింక్ ఫైబర్ గుచ్చండి. ముందు గుచ్చవద్దు.
5. పీ అక్షరం, అందుతున్న కాంతి, రింగ్ మూడూ సరిచూసి, ప్రయారిటీని పాత విలువకు మార్చి సేవ్ చేయండి.
6. తొమ్మిదో భాగంలోని మొదటి రెండు పరీక్షలు మళ్లీ చేసి, సెకన్ల లెక్కను పాత కాగితం పక్కనే రాయండి.